తుమ్ములు తేల్చిన లాప్‌టాప్ కేసు

మా ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా ముందు దోషిని తేల్చి, ఆ తరువాతే మరమ్మతుకు పంపడం పద్ధతి. మా అమ్మాయి గేమింగ్ లాప్‌టాప్ వారం రోజులుగా పెనంలా కాలి, ఆట మధ్యలో ఆరిపోతోంది. ఆమె అతిగా ఆడటమే కారణమని ఏకసభ్య సంఘంగా విచారించి నేను తీర్పు చెప్పాను. సాయంత్రం ఆరింటికి ఆమెకు కాలేజీ గేమింగ్ పోటీల ఫైనల్ ఉన్నందున, మధ్యాహ్నమే ఇద్దరం గుంటూరులోని రిపేరు షాపుకు వెళ్లాం.

మెకానిక్ అడుగు మూత విప్పి ఫ్యాన్ మీద బ్లోయర్ పెట్టగానే ఎర్రటి పొడి లేచింది. అతడు తుమ్మాడు. అమ్మాయి తుమ్మింది. నేను హోదా మరచి నాలుగుసార్లు తుమ్మాను.

"ఇది దుమ్ము కాదండీ బాబూ, కారం! దీన్ని మిరప కల్లంలో గానీ పెట్టారా?" అన్నాడు మెకానిక్.

అమ్మాయి నా వైపు తిరిగింది. "కాయలు ఆరబోసిన దగ్గర రోజూ కాపలా ఉండేది నువ్వేగా నాన్నా!"

"కాపలావాడికి కాలక్షేపం ఉండొద్దటమ్మా?"

"అదీ సంగతి! నా కారు రేసులో నేనెప్పుడూ ఆడని ఆటల ఓటములు కనపడుతున్నాయేంటా అనుకున్నా!"

ఫ్యాన్ శుభ్రపరచి చిప్ మీద వేడిని లాగే కొత్త పేస్టు రాశాక లాప్‌టాప్ చల్లబడింది. ఫైనల్‌లో అది ఒక్కసారీ ఆగలేదు, అమ్మాయి గెలిచింది. నా తీర్పు రద్దయింది. మీ ఇళ్లలో ఇటువంటి విచారణలు ఎలా ముగుస్తాయో దయచేసి తెలుపగలరు.

విజేత జారీ చేసిన ఉత్తర్వు: ఇకపై లాప్‌టాప్ ఎదుట తుమ్మడం నేరాంగీకారంగా పరిగణించబడుతుంది. జలుబు ఉన్నవారికీ మినహాయింపు లేదు. ఇదే అంతిమం.