కొమ్ము విరిచే పని

ఏర్గట్ల పసుపేదో, నవీపేట్ పసుపేదో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిస్తే చాలు, ఆ శబ్దంలోనే ఊరు తెలిసేది. నిజానికి ఊరి పేరు బస్తా మీదే రాసి ఉంటుంది. నేను కళ్లు పూర్తిగా మూసేవాణ్ని కాదు.

ఎండిందో లేదో మాత్రం నా చెవికి నిజంగానే తెలిసేది. నిజామాబాద్‌లో ఒక సేటు గోదాంలో నా పని అదే. బస్తాకు రెండు కొమ్ములు తీసి విరవాలి. టక్కుమంటే పాలిష్ డ్రమ్ములో పోస్తారు. మెత్తగా విరిగితే మళ్లీ ఎండకు వేస్తారు. బోధన్‌లో చక్కెర మిల్లు పని పోయాక నన్ను నిలబెట్టింది ఇదే.

నిరుటి నుంచి ఆ టక్కు వినబడడం లేదు. మాటలు వినబడతాయి, ఆ సన్నని శబ్దమే పోయింది. ఎవరికీ చెప్పలేదు. కొమ్ము విరిచి, ఎదురుగా బస్తాలు పట్టే, గోదాంలో అందరం అక్క అని పిలిచే ఆమె చేతులు చూసేవాణ్ని. టక్కు విని అవి బస్తా మూతి మీదికి పోతే ఎండినట్టు. అప్పుడు గొంతు సవరించుకుని తీర్పు చెప్పేవాణ్ని. రోజూ గేటు దాటుతూనే అక్క కోసం వెతికేవాణ్ని. ఇవాళ అక్క రాకపోతే? తడి కొమ్మును ఎండిందంటే సరుకంతా బూజు పడుతుంది.

ఈ సీజనులో సేటు కొడుకు ఏదో శిక్షణకు పోయివచ్చి మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు.

"పనిల ఖుషీగ ఉండాల్నంటే మీకేం కావాలె? శరం పడకుండ చెప్పుండ్రి."

ఒకరు ఫ్యాను అడిగారు. ఒకరు ముక్కుకు మాస్కులడిగారు. అక్క బాత్రూం తలుపుకు గొళ్లెం అడిగింది.

"నాకేం వద్దు సేటు," అన్నాను. "ఐదు మిల్లులోళ్లు పిలుస్తుండ్రు, నేనే పోతలేను."

ఎవరూ పిలవలేదు. నేను కొమ్ము విరిచినప్పుడు నా మాట కోసం నలుగురి చేతులు ఒక్క క్షణం ఆగుతాయి. నాకు కావలసింది అదే. అడగడానికి నోరు రాలేదు.

"గంత గిరాకీ ఉన్నదా తాత?" అని నవ్వి, అతను సంచిలోంచి ఒక చిన్న మిషను తీశాడు. తేమ చూపిస్తుందట. "ముందు నువ్వు చెప్పు, తర్వాత గిది చెప్తది. చూద్దాం."

బస్తాలోంచి ఒక కొమ్ము తీశాను. అక్క నా వెనక కూర్చుని ఉంది. తిరిగి చూస్తే దొరికిపోతాను. చెవి దగ్గర పెట్టుకుని విరిచాను. ఏమీ లేదు. అందరి చేతులూ ఆగాయి. కొమ్ము ముక్కలు కింద పెట్టాను.

"ఇనవడతలేదు సేటు. నిరుటి సంది ఇనవడతలేదు."

వెనక నుంచి అక్క గట్టిగా అంది: "గది మాకెర్కనే బాపు. నీకు కనవడాల్ననే బస్తా మూతి మెల్లగ పట్టుకుంటున్న."

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు సేటు కొడుకు.

"నువ్వు ఖుషీ సంగతి అడిగితివి. చెవుల సంగతి అడగకపోతివి," అంది అక్క.

అతను నవ్వలేదు. "రేపు చూద్దాం," అని వెళ్లిపోయాడు.

తెల్లారి గేటు దాటాను. నా పీట తీసేశారేమోనని ముందు దానికోసమే వెతికాను. ఉంది. సేటు కొడుకు ఇచ్చిన మిషను అక్క చేతిలో ఉంది. నేను కొమ్ము విరిచాను. ఆమె మిషనులో అంకె చూసి, దాన్ని నా వైపు తిప్పి, చెప్పడం నాకే వదిలేసింది. చేతులు ఆగాయి.

"ఎండింది," అన్నాను. "ఏర్గట్లది."