ముక్కాలిపీట మీద మహానుభావుడు

నాలుగు కాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది. ముక్కాలిపీట ఊగదు. ఈ సంగతి తెలియని వడ్రంగి లేడు, దీన్ని చెప్పుకుని గర్వపడిన వడ్రంగీ లేడు. దాన్ని వేదాంతం చేసి సభల్లో వినిపించినవాడు మాత్రం ఒక్కడే. జైలు నుంచి వచ్చినవాళ్ళకు పని కల్పించే వర్క్‌షాప్ యజమాని. ఒక కాలు విశ్వాసం, ఒక కాలు కుటుంబం, ఒక కాలు కళ అంటాడు. ఎదురుగా అందరూ సార్ అంటారు. చాటున ‘ముక్కాలి’ అంటారు.

ఆయన కళ ఏమిటంటే, తయారైన పీట మీద కాల్చిన ఊచతో ఒక పావురాన్ని గీయడం. అది కోడిలా వస్తుంది. ఆయన కుటుంబం ఏమిటంటే, గోడ మీద ఫొటో. ఆ ఫొటోలో ఉన్న భార్య వెనక గదిలో పీటలకు పాత గుడ్డలు చుట్టి, ఉత్తరాలకు జవాబులు రాసి, పదహారుమంది పనివాళ్ళకు టీ పెట్టి, ఆ ఫొటో మీద దుమ్ము కూడా తనే తుడుస్తుంది. ఇక విశ్వాసం. అది పొద్దున తొమ్మిదికి ప్రార్థనగా మొదలవుతుంది. ఎప్పుడు ముగుస్తుందో దేవుడికే తెలియాలి.

అక్కడ పని చేసే వడ్రంగి మేస్త్రికి చిక్కంతా ఆ ప్రార్థనతోనే వచ్చింది. అరవై దాటిన మనిషి. తాగిన మైకంలో ఒకడి తల పగలగొట్టి ఆరేళ్ళు లోపల ఉండి వచ్చాడు. విడుదలైన రోజు కూతురు గడప దగ్గరే నిలబెట్టి చెప్పింది: “ఒక సంవత్సరం ఒక్కచోట కుదురుగా పని చేసి చూపించు నాన్నా. అప్పుడు లోపలికి రా.” పదకొండు నెలలు గడిచాయి. ఆ పదకొండు నెలలూ ఆయన నోట్లో నాలుక లేనట్టే బతికాడు. కోడిని పావురం అన్నాడు.

ఆ వర్క్‌షాప్‌లో సీసా జిగురు నిషేధం. పాతకాలపు ఎముకల జిగురే వాడాలి. పీటకు ‘సహజం’ అన్న ముక్క తగిలిస్తే కొనేవాళ్ళు మురిసిపోతారు మరి. ఆ జిగురు పొయ్యి మీద వేడిగా ఉన్నంతసేపే జిగురు. చల్లారాక పూస్తే కాలు పీటకు పట్టినట్టే ఉంటుంది, పట్టదు. ప్రార్థన సమయంలో పొయ్యి ఆర్పేయాలని సార్ ఆజ్ఞ. “ఆ కాసేపు నిప్పు కూడా మౌనం పాటించాలి” అంటాడు. ప్రార్థన పది నిమిషాలున్నన్నాళ్ళూ నిప్పు పాటించింది, జిగురు ఓర్చుకుంది.

ఇంతలో ఎవరో ఆయనకు సన్మానం తలపెట్టారు. ‘విశ్వాసం, కుటుంబం, సృజన: సమతూకం’ అన్న విషయం మీద ప్రసంగించాలి. వేదికకూ, అతిథులకు కానుకగానూ నలభై పీటలు కావాలి. ఆ రోజు నుంచి ప్రార్థన ముప్పావుగంట అయింది. కళ్ళు మూసుకుని ఆయన దేవుడి ముందు తన ఉపన్యాసం సాధన చేసుకుంటున్నాడని పదహారుమందికీ తెలుసు. గడువు తరుముతుంటే జిగురు మళ్ళీ కాగే దాకా ఆగేదెవరు? గోరువెచ్చగా పూసి కాళ్ళు దిగ్గొట్టారు.

మూడో రోజు మేస్త్రి ఒక పీట తీసి కాలు మెలిపెట్టాడు. ముసలివాడి పన్నులా ఊడి వచ్చింది. మర్నాడు ప్రార్థన గంట మోగినా ఆయన లేవలేదు, పొయ్యి ఆర్పలేదు. జిగురు గిన్నె కలుపుతూ కూర్చున్నాడు.

“ఏం మేస్త్రీ, దేవుడికంటే నీ జిగురు ఎక్కువైందా?” అన్నాడు సార్.

“దేవుడు చల్లారడు సార్. జిగురు చల్లారుతుంది.”

ఎవడో కిసుక్కుమన్నాడు. సార్ ముఖం మాడిపోయింది. తర్వాత కళ్ళు మూసుకుని క్షమించాడు. క్షమించడంలో ఆయన దిట్ట. క్షమించాకే పనిలోంచి తీసేస్తాడు.

“ఒక్క నెల ఉండనివ్వండి సార్. ఆ పీటలు...”

“నీ కోసం ప్రార్థిస్తానయ్యా. వెళ్ళిరా.”

గిన్నె మేస్త్రి సొంతం. సంచిలో వేసుకుని వెనక గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. “అమ్మా, రేపు సభలో మీరు మాత్రం ఆ పీటల మీద కూర్చోకండి.”

సార్ భార్య గుడ్డ చుడుతున్న చెయ్యి ఆపింది. “ఆయనకు చెప్పావా?”

“చెప్పబోతేనే ఇలా అయిందమ్మా.”

“ఇరవై ఏళ్ళుగా నేనూ చెప్పబోతూనే ఉన్నాను” అని ఆమె మళ్ళీ గుడ్డ చుట్టుకుంది.

సభకు రమ్మని మేస్త్రి కూతుర్ని ముందే పిలిచి ఉన్నాడు, తన చేతి పని చూపిద్దామని. మర్నాడు సభలో ఆఖరి వరసలో, గోడ పక్క బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. పని పోయిందని ఎలా చెప్పాలో తోచలేదు.

వేదిక మీద సార్ తన భార్యకు పీట చూపించాడు. “కూర్చో.”

“పర్లేదు, నాకు నిలబడడం అలవాటే.”

ఆ మాట మైకులో పడింది. సార్ తడబడలేదు. “చూశారా వినయం!” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎంగిలి మాటలు ఏరుకుని పరమాన్నంలా వడ్డించే మనిషికి అదొక లెక్కా? కాసేపు కాళ్ళ వేదాంతం చెప్పి, గొంతు తగ్గించాడు. “ఒకనాడు ధ్యానంలో నాకొక వాక్యం స్ఫురించింది. దేవుడు చల్లారడు. జిగురు చల్లారుతుంది.”

హాలు పులకరించింది. ముందు వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. దాని అర్థం చెప్పినవాడికీ తెలియదు, విన్నవాళ్ళకూ తెలియదు. అందుకే చప్పట్లు అంతసేపు మోగాయి.

కూతురు మెల్లగా తండ్రి వైపు తిరిగింది. “అది నీ మాట.”

“ఎక్కడో విని ఉంటాడులే.”

“అమ్మ తినడానికి పిలిచినప్పుడల్లా అనేవాడివిగా, అన్నం చల్లారినా అన్నమే, జిగురు చల్లారితే బురదే అని.” ఆమె సంచిలోంచి తొంగిచూస్తున్న గిన్నె వైపు చూసింది. “నిన్ను పనిలోంచి ఎప్పుడు తీసేశాడు?”

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. “నీకెవరు చెప్పారు?”

“నీ గిన్నె చెప్పింది. పని ఉన్నవాడు గిన్నెను పొయ్యి మీద వదిలి వస్తాడు గానీ ఒళ్ళో పెట్టుకుని సభకు వస్తాడా?”

“తాగలేదమ్మా. గొడవ పడలేదు. ఒక్క మాటన్నాను, అంతే.” ఆయన నేల చూశాడు. “ఇంకా నెల మిగిలింది.”

అప్పుడే సార్ చేతులు రెండూ చాచి, ఫొటో కోసం, భార్య వద్దన్న పీట మీద ఠీవిగా కూర్చున్నాడు. కాలు చప్పుడు లేకుండా ఊడింది. సార్ మాత్రం చప్పుడుతోనే పడ్డాడు. భార్య ఆయనకు చెయ్యి అందించలేదు. దొర్లిన కాలు తీసి, ఎండిన జిగురు గోటితో గీకి చూసింది. ఊడింది విశ్వాసమో, కుటుంబమో, కళో ముందు వరసలో ఎవరూ తేల్చలేకపోయారు.

మేస్త్రి అలవాటు కొద్దీ లేవబోయాడు. కూతురు మోచెయ్యి పట్టి ఆపింది.

“కూర్చో నాన్నా. ఆయన కోసం ప్రార్థించేవాళ్ళు చాలామందే ఉన్నారు.” తర్వాత సంచి తన ఒళ్ళోకి లాక్కుంది. “మా వంటగదిలో బల్ల ఊగుతోంది. ఆ మిగతా నెల అక్కడ చెయ్యి.”

“జిగురు వేడి చెయ్యాలి” అన్నాడు మేస్త్రి.

“పొయ్యి ఉంది. ఎవరూ ఆర్పమనరు.”