దొరసాని పెట్టెలోని లేసు

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా నోట ఈ మాట వింటే రాయపూర్‌లో నన్నెరిగినవాళ్లు పగలబడి నవ్వుతారు. మీరు నన్నెరగరు. అందుకే మీకు. పదిహేనేళ్లుగా మోస్తున్నాను దీన్ని. తూస్తే తులం కూడా తూగని లేసు.

ఆ ఏడు మా తెలుగు సంఘం కంపెనీ దొరల కాలం నాటి కథతో నాటకం వేసింది. దొరసాని గౌనుకు మెడ చుట్టూ, చేతుల అంచులకూ మెత్తని లేసు తెమ్మని నన్ను పంపారు. పండ్రీ బజారంతా తిరిగాను. దొరికిందల్లా గరుకు నైలాను. అది మెడకు తగిలితే దొరసాని డైలాగు మరిచి గోక్కోవాల్సిందే. చివరికి, రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి మంగతాయారు పిన్నిగారు తానే అల్లి ఇస్తానన్నారు. నరసాపురం వైపు మనిషి. పెళ్లికి ముందు అరుగు మీద కూర్చుని ఎగుమతి సరుకు అల్లేవారట.

"ఎంత అల్లానో! ఏ దేశం పోయిందో, ఎవరేసుకున్నారో ఒక్కసారీ చూళ్లేదురా అబ్బాయ్," అన్నారు నూలుండ విప్పుతూ. "ఇది కళ్లారా చూస్తాను. స్టేజీ మీద నా పేరు చెప్పించు, చాలు."

"మైకులో చెప్పిస్తాను పిన్నిగారూ, గేటు బయటిదాకా వినపడేలా!"

నెల్లాళ్లు అల్లారు. పిడికిట్లో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. తీసుకెళ్లి మా కార్యదర్శికి చూపించాను. ఈయన సిల్తారాలో ఏదో ఫ్యాక్టరీ మేనేజరు. ఇంట్లో తెలుగు మాట్లాడటం నామోషీ, ఏడాదికోసారి మైకు ముందు మాత్రం తెలుగుతల్లి ముద్దుబిడ్డ. రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"అరే భాయ్, ఇది మా ఆవిడ టీవీ మీద కప్పే గుడ్డ కదా! అస్లీ చీజ్ లావో, అసలైన సరుకు!"

నా నోరు ఊరుకుంటుందా? అదే లేసును కలకత్తాలో ఒక దొరసాని వారసుల పెట్టెలోంచి తెప్పించానన్నాను. నూరేళ్ల నాటిదన్నాను. పెట్టె మూతకు ఇత్తడి సింహం తల కూడా బిగించాను. మూర్ఖుడు నమ్మాడు. కమిటీ పెద్దలంతా చేతులు తుడుచుకుని మరీ వచ్చి ముట్టుకున్నారు.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? చెబితే లేసు తీసేస్తారని, ఇదంతా పిన్నిగారి మేలుకేనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మేలా, పాడా! కథ కుదిరింది, పదిమంది నోళ్లు తెరుచుకుని విన్నారు, ఆ రుచి వదులుకోలేకపోయాను.

నాటకం రోజు కార్యదర్శి ఆ పెట్టె కథ మైకులో చెప్పి, నన్ను పిలిచి శాలువా కప్పాడు. రెండో వరసలో పట్టుచీర కట్టుకుని పిన్నిగారు. మైకు నా ముందే ఉంది. ఐదక్షరాల పేరు. నేను ఇత్తడి సింహం గురించి మాట్లాడాను. ఆమె అల్లింది మళ్లీ ఎవరో దొరసాని ఖాతాలోకే పోయింది, ఈసారి పంపినవాణ్ణి నేను. కార్యదర్శిని మూర్ఖుడన్నాను కదా. ఆయన నమ్మాడు, అంతే. తెలిసి చేసినవాణ్ణి ఏమనాలి?

మర్నాడు వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. "పోన్లేరా, గౌనుకు బాగా అమిరింది," అని నవ్వారు.

ఈ చివరి రెండు ముక్కలే నా కల్పన. నేను వెళ్లలేదు. ఆమె నవ్వలేదు. వాళ్లు బదిలీ మీద వెళ్లేదాకా, మూడేళ్లు, కుళాయి దగ్గర ఎదురుపడ్డప్పుడల్లా తల తిప్పుకున్నది నేనే. క్షమించమని ఇప్పుడు అడిగే మొహం లేదు.

ఆ లేసు అల్లింది మంగతాయారు. చెప్పాను.