పెట్రోలు వాసన

పడవల మేస్త్రి ముక్కుకు వాసనలు తెలియడం మానేసి చాలా ఏళ్లయింది. పెట్రోలైనా ఆయనకు మంచినీళ్లతో సమానమే. ఆ గుట్టు భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంజను గొట్టాలు బిగించాక తెల్లగుడ్డతో అతుకుల చుట్టూ తుడిచి ఆవిడ చేతికిచ్చేవాడు. ఆవిడ వాసన చూసి సరేనంటేనే పడవ షెడ్డు దాటేది. ఆవిడ పోయింది. గుడ్డ అందుకునే చెయ్యి లేక షెడ్డంతా బావురుమంటోంది.

అలాంటప్పుడు బావమరిది తన పడవ తెచ్చాడు. మర్నాడు పిల్లాజెల్లతో అందులో వెళ్తారట. కాదనలేకపోయాడు మేస్త్రి. ట్యాంకు గొట్టం మార్చి, క్లిప్పు బిగించి, గుడ్డతో తుడిచి ముక్కుకు పెట్టుకున్నాడు. ఏం లాభం? భయంకొద్దీ ఇంకో చుట్టు బిగించాడు. ఆపైన మరోటి. తీరా విప్పి చూస్తే క్లిప్పు పట్టీకున్న కంతల్లోకి గొట్టం రబ్బరు ఉబికి, అంచు వెంట కోసుకుపోయి ఉంది. తన చేతి పని తనకే సిగ్గనిపించింది.

సామాన్ల కొట్టుకెళ్లి, కంతల్లేకుండా అంచులు మడిచిన పట్టీ క్లిప్పులు అడిగాడు. కొట్టతను తళతళలాడేవి తెచ్చి, తుప్పుపట్టని అచ్చమైన స్టీలన్నాడు. మేస్త్రి జేబులోంచి అయస్కాంతం తీసి ఆనించాడు. అలాంటి స్టీలైతే అయస్కాంతానికి అంటదు. పట్టీ అంటలేదు గానీ, దాన్ని బిగించే మర టక్కున అతుక్కుంది. ఉప్పుగాలికి ముందు తుప్పుపట్టి విరిగేది ఆ మరే. వేరే రకం తీయించి ఒక్కోటీ పరీక్షించాడు. పెళ్లిచూపులు కూడా ఇంత సేపు పట్టవని కొట్టతను వేళాకోళమాడాడు. ఇంటికెళ్లి ఆ మాట చెప్పి నవ్వించడానికి మనిషి లేదని మేస్త్రికి దిగులు ముంచుకొచ్చింది.

కొత్త గొట్టం తొడిగి, చోటున్న చోటల్లా రెండేసి క్లిప్పులు వేశాడు. చాలనిపించగానే చెయ్యి ఆపాడు. పని కుదిరినట్టే ఉంది. కానీ రేపు అందులో ఎక్కేది పిల్లలు.

సాయంత్రం బావమరిది రాగానే గుడ్డ అందించి, తనకు వాసన తెలియదనీ, బతికున్నన్నాళ్లూ వాళ్ల అక్కే చూసేదనీ తలవంచుకుని చెప్పేశాడు.

బావమరిది గుడ్డను ముక్కు దగ్గర చాలాసేపు ఉంచుకున్నాడు.

"ఏ వాసనా లేదు బావా," అన్నాడు. గుడ్డ మడిచి తిరిగిస్తూ మెల్లగా అడిగాడు. "అక్క పోయాక ఇలా ఎన్ని పడవలు పంపించావు?"

"ఒక్కటీ లేదు," అన్నాడు మేస్త్రి. "అడిగినవాళ్లందరికీ తీరిక లేదని చెప్పి, తలుపేసుకుని ఊరికే కూర్చునేవాణ్ని."