కిటికీ కింద కూర్చున్న నాయన

బయట లారీ హారన్ మోగితే నల్లబల్ల మీద నా చెయ్యి నేటికీ మాట మధ్యలో ఆగుతుంది. అరవైల తొలినాళ్లలో వెంకటాచలంలో మా బడి మద్రాసు రోడ్డును ఆనుకొని ఉండేది. ఎదురుగా పసుపు పూసిన అమ్మవారి రాయి. దాని ముందు హారన్ కొట్టకపోతే ప్రయాణం క్షేమం కాదని డ్రైవర్ల నమ్మకం. లారీలు పెరిగాయి, వాటితో పాటు భక్తీ పెరిగింది. రోడ్డు వైపు కిటికీ కింద కూర్చునే నాకు ఉక్తలేఖనంలో సగం మాటలే దక్కేవి. "ఈ మొద్దుకు బడెందుకు? నాట్లకు పంపిస్తా" అని నాయన తేల్చేశాడు.

ఆ మాటకు మా నరసయ్య అయ్యవారు మండిపడ్డారు. బక్కపలచని మనిషి, వాదనకు దిగితే నిప్పు. తన అలారం గడియారాన్ని వరండాలో బల్ల మీద పెట్టి, టిక్కుటిక్కు వినబడినంత దూరం పిల్లలందరినీ వెనక్కి నడిపించి, ఎవరికి వినబడటం ఆగితే అక్కడ సుద్దగీత గీశారు. నా గీతే అందరికన్నా దూరం. ఇంతలో లారీ వచ్చింది. బల్లకు చెవి ఆనించినా ఎవరికీ ఏమీ వినబడలేదు. వెంటనే నాయనకు కబురుపెట్టి, నా చోట కూర్చోబెట్టారు.

"చెంగయ్యా, నేను చదివింది తిరిగి చెప్పు చాలు."

వాక్యం సగంలో ఉండగా హారన్ మోగింది.

"ఏందయ్యవారూ, మళ్లా చెప్పండి."

"నీ కూతురికి మళ్లా చెప్పినానా?"

నాయన తల గోక్కున్నాడు. "అయితే మొద్దును నేనే గదా!"

నాట్ల మాట అక్కడితో పోయింది. ఆ ఉత్సాహంలో నాయన ఒక ఉపాయం కూడా చెప్పాడు. "అమ్మవారు నిద్రపోతా ఉందని రాయి కాడ బోర్డు పెడదాం. చచ్చినా హారన్ కొట్టరు."

"ఒక బూటకాన్ని ఆపేదానికి ఇంకో బూటకమా? వాళ్లకూ చెవులున్నాయి గదయ్యా!" అంటూ అయ్యవారు నేరుగా లారీలు ఆగే టీ అంగడికి నడిచారు.

"కొట్టకుంటే అమ్మకు కోపమొస్తాది సారూ" అన్నాడు ఒక డ్రైవరన్న.

"మీ అమ్మకు చెవుడా, అంత మోత కావాల? రా, ఈ పాప చోట కూచో."

మోకాళ్లు పట్టని ఆ బెంచీ మీద కూర్చుని, తోటి డ్రైవరు కొట్టిన హారన్‌కు అతనే చెవులు మూసుకున్నాడు. మరుసటిసారి అతని లారీ హారన్ లేకుండానే నెమ్మదించింది. చెయ్యి మాత్రం నుదుటిదాకా లేచింది. అందరూ మారలేదు. అందుకే ఆ వేసవిలో పెద్దలంతా కాలవ పూడికమట్టి మోసి బడికీ రోడ్డుకీ మధ్య ఎత్తుగా కట్ట పోశారు. మొదటి తట్ట నాయనదే. అయ్యవారు మళ్లీ గడియారం పెట్టారు. లారీ పోతుండగా టిక్కుటిక్కు బల్ల దగ్గరన్నా వినబడింది. "ఇంకా ఎత్తు పెంచాల" అన్నారు, పొంగిపోతూనే.

నేనూ పంతులమ్మనయ్యాను. ఏ బిడ్డయినా తప్పు రాస్తే, ఎర్ర పెన్సిల్ తీసేముందు వెళ్లి ఆ బిడ్డ చోట కాసేపు కూర్చుంటాను.