కొబ్బరికాయలు కట్టుకుని డేల్ దిగిన మాస్టారు

పల్లంలో పుట్టినవాళ్ళకి ఆ రోజుల్లో వాన అందంగా కనబడేది కాదు. ఊరు మెరక మీద ఉండేది, మా పేట పల్లంలో ఉండేది. గోదారి పొంగిందంటే ముందు మా పొయ్యిల్లోకే వచ్చేది. మబ్బు పట్టగానే మా అమ్మ బియ్యం కుండ అటక మీదికి, మమ్మల్ని మంచాల మీదికి ఎక్కించేది. (ముందు కుండే. పిల్లలు తర్వాత.) కాబట్టి పల్లం అనే మాట ఎక్కడ విన్నా నా కాళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి. ఇప్పటికీ అంతే. నాకు అక్షరాలు పెళ్ళయ్యాకే వచ్చాయి. రాత ఎలా ఉందో మీరే చూస్తున్నారు, సర్దుకుని చదువుకోండి.

నాకు చదువు చెప్పింది మా ఆయనే. కొత్తపేట దగ్గర బళ్ళో ఇంగ్లీషు మాస్టారు. కోనసీమలో పుట్టి ఈత రాని మగవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. చిన్నప్పుడు పుస్తకం పట్టుకుని గట్టు మీదే కూర్చున్నారట. కాపురం పెట్టింది ఒక పాత మిషను బంగళా వెనక గదిలో. ఎప్పుడో దొరసాని కట్టించుకున్న ఇల్లు. గేటు స్తంభం మీద సున్నంతో పోసిన ఇంటి పేరులో ముందు సగం రాలిపోయి, చివర నాలుగు అక్షరాలు మిగిలాయి. నాకు అ, ఆ లు రాకముందే ఆ నాలుగూ వచ్చేశాయి. డి, ఏ, ఎల్, ఇ. డేల్. అంటే ఏంటండీ అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, అన్నం చల్లారిపోయింది.

ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతలో ఇది. డేల్ అన్నది దొరసాని వాళ్ళ దేశంలో బాగా పాత మాట. రెండు కొండల నడుమ ఏరు పారే లోతట్టు నేలని అక్కడి రైతులు, గొర్రెలు కాచుకునేవాళ్ళు అలా పిలుచుకునేవారు. తర్వాత ఉత్తరాన్నించి పడవల మీద వేరేవాళ్ళు వచ్చిపడ్డారు. వాళ్ళ నోట కూడా ఇంచుమించు అదే మాట ఉండేసరికి రెండూ కలిసిపోయి గట్టిపడింది. ఆపైన సముద్రం దాటి ఇంకో భాష దొరలు వచ్చి గద్దెనెక్కారు. వాళ్ళు తెచ్చుకున్న మాట వ్యాలీ. రానురాను పుస్తకాల్లోనూ బడిపాఠాల్లోనూ అదే నిలబడింది. పాత మాట మాత్రం చచ్చిపోలేదట. ఆ కొండల్లోనే ఉండిపోయినవాళ్ళ నోళ్ళలో, వాళ్ళ ఊళ్ళ పేర్లలో, పాటల్లో తల దాచుకుందట. దొరసానికి పుట్టిన ఊరి మీద బెంగ పుట్టి, చదునైన మన నేల మీద కట్టిన ఇంటికి ఆ మాట పెట్టుకుని ఉంటుందని చెప్పి, ఆయనే కళ్ళు తుడుచుకున్నారు. అంతా విని నేను, “అయితే పల్లమేగా, దానికింత ఎందుకండీ?” అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, “పల్లమే పిల్లా. కాపోతే అక్కడెవరూ భయపడని పల్లం” అన్నారు. అలాంటిది ఉంటుందంటే నేను నమ్మలేదు.

ఒకనాడు పాఠం మధ్యలో ఒక ఆడపిల్ల లేచి, అలాంటి చోటు మీరు చూసేరా మాస్టారండీ అని అడిగిందట. చూడలేదు. ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు. చూడనిదాన్ని ఇన్నేళ్ళుగా చూసినట్టు చెబుతున్నానే అని ఆయన బాధ. అందుకని వేసవి సెలవుల్లో మన్యం బయలుదేరాం. సంచిలో పులిహోర, ఆత్రేయపురం పూతరేకులు, అన్నిటికీ అడుగున జోడు కొబ్బరికాయలు పెట్టాను. దేవుడికి కొట్టేవి కావు. మా వైపు పిల్లలకి ఈత నేర్పడానికి ఎండుకాయలు రెండు, పీచు డొక్కతో సహా తాడేసి కట్టి వీపుకి తగిలిస్తారు, అవి. దిగేది పల్లంలోకి, మనిషికి ఈత రాదు. మీరైతే ఏం చేసేవారు?

బస్సు దిగేసరికి కింద పచ్చగా లోయ, నడుమ సన్నటి ఏరు, ఏటి పక్కనే ఇళ్ళు. ఒక్క ఇంటికీ మెరక లేదు. సరిగ్గా అప్పుడే కొండ మీద మబ్బు పట్టింది. ఆయన దిగుదామన్నారు, నేను చొక్కా పట్టుకుని రోడ్డు మీద చతికిలబడ్డాను. కట్టెలమోపుతో పోతున్న కొండ ముసలమ్మ ఒకావిడ ఆగింది. మెరక లేకుండా ఎలా కట్టుకున్నారమ్మా, వరదొస్తే పిల్లల్నేం చేస్తారని ఆవిణ్ణి నిలదీశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “ఇక్కడ నీళ్ళు ఉండవమ్మా. వస్తాయి, పోతాయి” అంది.

ఆ మాటతో సగం నమ్మాను. మిగతా సగానికి కొబ్బరికాయలు తీసి, నలుగురూ చూస్తుండగా ఆయన వీపుకి కట్టాను. “బిగువుందా మాస్టారూ?” అంటే, హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, “ఆయ్” అన్నారు. పంచె ఎగ్గట్టి, వీపున కాయలు ఊగుతుండగా, ఆ మనిషి డేల్‌లోకి దిగారు. ఏట్లో నీళ్ళు చీలమండ దాటలేదు. కొండపిల్లలు వెనకాల నవ్వుకుంటూ నడిచారు. వాన కురిసింది, ఏరు కాస్త ఎర్రబడింది, మళ్ళీ తేటపడింది. నా జన్మలో మొదటిసారి పల్లంలో నిలబడి వాన చూశాను. ఆయనైతే ఏడుస్తూనే నవ్వారు. కాయలు మాత్రం నేను చెప్పేదాకా విప్పలేదు.

పోయిన వానాకాలంలో ఆయన వెళ్ళిపోయారు. మా సమాధుల దొడ్డి కూడా పల్లమే (బతికినన్నాళ్ళూ పల్లం, పోయాకా పల్లం). తవ్వుతుంటే గోతిలో నీళ్ళు ఊరాయి, తోడితే మళ్ళీ ఊరాయి. ఈ నీళ్ళలో నాన్నగారిని ఎలా పెడతామమ్మా అని మా అమ్మాయి నా భుజం మీద పడి ఏడ్చింది. “ఉండవే, పోతాయి” అన్నాను. కోనసీమలో నీళ్ళు ఎక్కడికీ పోవు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

పెట్టె మూసేముందు నేను తెచ్చిన జోడు కొబ్బరికాయలు ఆయన పక్కన పెట్టాను. పాస్టరుగారు ఇదేంటన్నట్టు చూశారు. “ఆయనకి ఈత రాదండి” అన్నాను. పాస్టరుగారు పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. తాడు ఆయన భుజం చుట్టూ తిప్పి ముడేసి, ఆనాటి పిచ్చిపిల్లలాగే అడిగేశాను, బిగువుందా మాస్టారూ అని. అడిగి ఊరుకోలేదు. అందరూ చూస్తుండగా, జవాబు కోసం కాసేపు ఆగాను కూడా.