మా ఊరి పోర్టు, మా తమ్ముడి నెత్తళ్ళు

మా తమ్ముడు ఏటా ఎండాకాలంలో మా ఇంటికి వస్తాడు. వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు, మూట కట్టుకుని తెస్తాడు. మాది సముద్రం పక్క ఊరు. రైల్వే పనివాణ్ణి చేసుకుని హైదరాబాదులో లాలాగూడ వచ్చాను. ఆయన పోయాక మల్కాజ్‌గిరిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంట్లోకి వచ్చింది ఏదీ వృథా పోనివ్వను. కోడలు నెత్తళ్ళ తలలు గిల్లి పారేస్తే కేకలేస్తాను. వాటిని వేయించి పొడి కొట్టిస్తాను.

మా ఊళ్ళో పోర్టు వచ్చిన దగ్గర్నుంచీ నాకు గొప్ప ఎక్కువైంది. మొదట ఒక్క జెట్టీ, తర్వాత బొగ్గు ఓడలకు ఇంకోటి, ఇప్పుడు కంటైనర్లకు వేరే. కొడుకు ఫోన్లో చూపిస్తే క్రేన్లు తాటిచెట్ల కన్నా ఎత్తున్నాయి. మూడో తరగతితో బడి మానేసిన మనిషిని, ఓడల సంగతులు కాలనీ అంతా చెప్పుకు తిరిగాను. తమ్ముడు వచ్చినప్పుడూ అదే ఫోను వాడి ముందు పెట్టి చూపించేదాన్ని. వాడు అన్నం కలుపుకుంటూ "ఊఁ" అనేవాడు. వాడికి లోకం తెలియదనుకున్నాను. పోర్టు పెరిగితే ఎటువైపు పెరుగుతుందని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ ఏడు తెచ్చిన నెత్తళ్ళలో ఇసుక రవ్వంత లేదు. జల్లెడ పట్టి తెచ్చాడని మురిసిపోయి, గుప్పెడు పొట్లం కట్టి పక్కింటామెకు ఇచ్చాను. ఆమెది మొదటినుంచీ ఈ చుట్టుపక్కలే. గుమ్మంలోనే పొట్లం విప్పి నవ్వింది.

"ఏందక్కా, సముద్రం కాడికెల్లి వచ్చినయా గివి? నిన్న పొద్దుగాల మీ తమ్ముడు స్టేషన్ కాడి మార్కెట్ల బేరం చేస్తుండె. నేను సుత గాడనే కొన్న."

తమ్ముడు లోపల మంచం మీదే ఉన్నాడు. వాణ్ణి చూసి ఆమె నాలుక కరుచుకుంది. నేనూ అక్కడితో ఊరుకోవలసింది.

"ఏరా, ఇక్కడ కొని మన ఊరివని అంటగడతావా? సంచి పట్టుకెళ్ళి నేను కొనుక్కోలేనా? ఎవరి ముందురా ఈ నాటకం?"

"జెర ఊకో అక్కా, అన్న పరేషాన్ అయితుండు" అంటూ ఆమె మెల్లగా జారుకుంది.

వాడు తలెత్తలేదు. "ఎక్కడ ఆరబెట్టమంటావే అక్కా? అమ్మ చేపలు ఆరబోసిన ఒడ్డంతా పోర్టు గోడ లోపలికి పోయింది. నువ్వు ఫోన్లో చూపిస్తావు చూడు, ఇనప డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చిన చోటు, అదే. పడవ కూడా అమ్మేశాను."

"మరి నిరుడు తెచ్చినవి? అంతకు ముందువి?"

"అవీ ఇక్కడివే."

వాటిని తింటూ 'మన ఊరి రుచే వేరురా' అన్నది నేను. వాడి ఒడ్డును మింగిన గోడను ఏటేటా వాడికే చూపించి గొప్పలు పోయిందీ నేనే. ఇప్పుడు పరాయి మనిషి ముందు వాడి పరువు కూడా తీశాను.

"ఇకనుంచి ఏమీ తేకురా. నువ్వు వస్తే చాలు" అన్నాను, మంచిమాటే అనుకుని.

"ఉత్త చేతులతో అక్క గుమ్మం ఎలా ఎక్కుతానే? అయితే రాను."

కోపంతో అన్నది కాదు. లేచి సంచిలో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పుట్టింటి వైపు నాకు మిగిలింది వాడొక్కడే. ఏనాడూ అన్న మాట వెనక్కి తీసుకోని నోరు నాది. 'తప్పయిందిరా' అనడం రాలేదు.

"రాకపోతే ఊరుకుంటానా? వచ్చే ఏడు ఇంకాస్త ఎక్కువే తే" అన్నాను. "మార్కెట్లో మొదటి కొట్టు వాడి దగ్గర మాత్రం కొనకు, తడివి అంటగడతాడు. లోపల ఒక ముసలామె కూర్చుంటుంది, ఆవిడ దగ్గర తీసుకో."

వాడు సర్దడం ఆపాడు. "ఆవిడ గట్టిదే. బేరానికి దిగదు."

"రైలు దిగి ఫోన్ చెయ్యి. నేనొచ్చి ధర దింపిస్తాను."

వాడు సంచి మంచం కిందికి తోశాడు. వాడి ముఖంలోకి చూడలేక వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాను.